నోట్లో మేత

పిట్టల సంసారాలు లెక్కపెట్టే ఉద్యోగమట అని మా వాడలో నా పని మీద నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీ. ఎండాకాలంలో ఇంట్లో కూర్చుని గోడలు చూసేకన్నా అడవిలో చెట్లు చూడటం నయమని నేనే ఒప్పుకున్నాను. నిరుడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మా పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోయే అడవి అంచున, కరెంటు టవర్ల లైను కోసం కొట్టబోయే చెట్ల వెంట తిరిగాను. ఏ చెట్టు మీద ఏ పిట్ట గూడు పెట్టిందో రాసుకోవాలి. ఉందని తేలిన చెట్టుకు ఎర్ర రంగు పట్టీ వేయాలి. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ చెట్టు మీద గొడ్డలి పడదు.

మాకిచ్చిన ఫారంలో మూడు గళ్ళు ఉండేవి. బహుశా, దాదాపు, ఖాయం. మా టీం లీడర్ శివకుమార్ సార్ మొదటి రోజే మమ్మల్ని ఇప్పచెట్టు కింద నిలబెట్టి పాఠం చెప్పాడు. మగపిట్ట పాడితే బహుశా. జంటగా తిరుగుతూ పక్క పిట్టల్ని తరిమితే దాదాపు. గుడ్లు కంటబడినా, గొరవంక పిల్లల రెట్టను నోట కరుచుకుని దూరంగా పారేసినా ఖాయం.

"అన్నిటికన్న గట్టి గుర్తు నోట్లో మేత," అన్నాడు. "ఆకలైన పిట్ట దొరికింది దొరికినట్టే మింగుతది. మింగకుండ మోసుకపోతుందంటే ఇంకో నోరు ఎక్కడనో ఉన్నట్టే. ఇగ దానికి తిరుగులేదు."

ఆ మాట నా బుర్రలో మేకు దిగినట్టు దిగింది. దిగకపోయినా బాగుండేది.

ఎందుకంటే మా ఇంట్లో ఒక మనిషి అప్పటికి తొమ్మిది నెలలుగా 'బహుశా' గడిలో ఉన్నాడు. మా అన్న జస్టిన్. అంతకు ముందు జులైలో, వాగు చప్టా మీద నుంచి నీళ్ళు పోతుంటే ఆగక బండి దింపాడు. వెనక కూర్చున్న స్నేహితుడి శవం రెండో రోజు దొరికింది. మూడో రోజు బండి దొరికింది, తుమ్మకంపలో ఇరుక్కుని. అన్న మాత్రం దొరకలేదు. ఆ స్నేహితుడి వాళ్ళు మా ఇంటి ముందుకొచ్చి, మా పిల్లగాన్ని సంపింది మీవోడే, ఎక్కడ దాక్కున్నడో చెప్పుండ్రి అని మన్ను పోశారు. వాళ్ళు పోసిన మన్ను కన్నా, దాక్కున్నాడన్న ఆ ఒక్క మాట మాకు ఎక్కువ పట్టుకుంది. దాక్కున్నాడంటే బతికున్నాడనేగా.

ఆ తర్వాత అందరికీ మా అన్న కనిపించడం మొదలుపెట్టాడు. బోనకల్ స్టేషన్లో రైలెక్కుతూ ఒకరికి, కుసుమంచి గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముతూ ఇంకొకరికి. బోనకల్‌కు నేను రెండుసార్లు పోయాను. రెండోసారి ప్లాట్‌ఫాం మీద అన్న లాంటి వీపు ఒకటి కనిపిస్తే ఉరికిపోయి భుజం పట్టుకున్నాను. తిరిగి చూసినవాడు ఎవడో పాపం, నా మొహం చూసి భయపడ్డాడు. సర్వేలో కూడా అంతే. బైనాక్యులర్ రోడ్డు వైపు తిరిగిందంటే చాలు, పోయే ప్రతి బండి మీదా మా అన్నే.

ఈస్టర్ అయిన వారానికి మా సంఘం అయ్యగారు ఇంటికొచ్చారు. మా వదిన మహిమ మిషను దగ్గర జాకెట్టు కుడుతోంది. ఇరవైనాలుగేళ్ళ పిల్ల. పెళ్ళయిన ఏడాదిన్నరకే ఇలా అయింది. సత్తుపల్లి నుంచి వాళ్ళమ్మానాన్నలు, వచ్చి తీసుకపోతామని వారానికోసారి ఫోన్ చేస్తున్నారు.

"విశ్రాంతమ్మా," అయ్యగారు మెల్లగా అన్నారు. "జులైకి ఏడాది నిండుతుంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందాం. ఈ పిల్ల ముఖం చూడమ్మా."

"శవాన్ని చూసినరా అయ్యగారూ?" అంది అమ్మ.

"లేదమ్మా."

"మరి సూడనోనికి కూడికేంది? చాయ్ తాగుండ్రి, సల్లారుతుంది."

వదిన మిషను ఆపలేదు. అయ్యగారు పోయాక నేనే అడిగాను. "నువ్వేమంటవ్ వదినా?"

"అత్తమ్మ ఊ అంటే పోత. అనకుంటే ఉంట," అంది. "నాకు ఎటో అటు తెలిస్తే సాలు హెప్సీ. ఉన్నడంటే పదేండ్లయినా సూస్త. లేడంటే ఏడుస్త. ఈ నడుమల ఉండుడే నాతోని అయితలేదు."

ఆ మాట నా గుండెల్లో పడింది. పడి ఊరుకుందా, నా చేత చేయరాని పని చేయించింది.

మా లైనులో నలభైమూడో నంబరు ఒక తాటిమోడు. తల ఎప్పుడో పిడుగుకు పోయింది. పైన నాలుగు నిలువుల ఎత్తున తొర్ర. ఏప్రిల్ మొత్తం ఒక పాలపిట్టల జంట దాని చుట్టూ ఆకాశంలో పల్టీలు కొట్టి గోల చేసింది. మే రెండో వారంలో ఒక పొద్దున వాటిలో ఒకటి మిడతను నోట కరుచుకుని వచ్చి, తొర్రలోకి పోకుండా, దూరంగా ఎండుకొమ్మ మీద వాలింది. మింగదు, పోదు. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది.

"మనం సూస్తున్నమని దానికి ఎర్కే," అన్నాడు పగిడయ్య. పగిడయ్య మా వాచర్. అరవై దాటిన కోయ పెద్దమనిషి, అడవిలో పుట్టి అడవిలోనే నెరిసినవాడు. ఇంట్లో కోయ మాటలు, మాతో తెలుగు, పిట్టలతో ఏ భాషో ఆయనకే తెలియాలి. "ఇటు తిరుగమ్మా. దానికి మన ఈపు సూపియ్యాలె."

వీపు తిప్పుకుని నిలబడి, భుజం మీద నుంచి దొంగచూపు చూశాను. పిట్ట చటుక్కున తొర్రలోకి దూరింది.

"ఖాయం!" అని అరిచాను. మొదటి ఖాయం నాదే. మోడు దగ్గరికి పోయి చూద్దామని అడుగేస్తే పగిడయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"పట్టీ ఏసి జల్దీ వచ్చేయాలె. గూడు కాడ కాలు ఎక్కువ తొక్కితే తల్లి ఇడిసిపెడతది. మన జాడ పట్టుకొని పురుగు గూడా వస్తది." పురుగు అంటే పాము. అడవిలో ఆయన ఆ పేరు ఎత్తడు.

ఎర్ర పట్టీ నేనే వేశాను. నిదానంగా, ముద్దుగా, రెండు పూతలు వేశాను. ఎంతసేపు నిలబడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

సరిగ్గా ఆ వారమే మా అమ్మ నా కంటబడింది. బుధవారం నాకు సెలవు. రోహిణి కార్తె ముందు ఎండ, కుక్కలు కూడా కాలవలో పడుకున్న మధ్యాహ్నం. ఉతికిన బట్టలు తీద్దామని డాబా ఎక్కాను. అమ్మ రెండు గిన్నెల స్టీలు బాక్సు సంచిలో పెట్టుకుని గేటు దాటుతోంది. సంఘపోళ్ళ ఇంట్ల ప్రార్థన ఉందని చెప్పింది. ఈ ఎండలో ప్రార్థనేంది, ప్రార్థనకు బాక్సేంది అనుకుని బైనాక్యులర్ తెచ్చి కళ్ళకు పెట్టుకున్నాను. కన్నతల్లి మీద బైనాక్యులర్ పెట్టిన కూతుర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అమ్మ బస్‌షెల్టర్‌లో నిలబడింది. బస్సు వచ్చింది, ఎక్కలేదు. అటు చూసింది, ఇటు చూసింది. దారి మీద ఎవరూ లేరని తేలాక వెనక్కి తిరిగి, ప్రహరీ వెంట నడిచి, పాత క్వార్టర్లలోకి పోయింది. అవి కరెంటు ప్లాంటు మొదటి రోజుల్లో కట్టిన ఇళ్ళు. మా నాన్న బతికుండి ప్లాంటులో షిఫ్టులు చేసిన రోజుల్లో అక్కడే ఉండేవాళ్ళం, అన్నా నేనూ అక్కడే పుట్టాం. ఖాళీ చేయించి పన్నెండేళ్ళయింది. తలుపులు, కిటికీలు ఎవరో పీక్కుపోయారు. సగం కూలాయి. అమ్మ మా ఇంట్లోకే పోయింది.

బైనాక్యులర్ దించి డాబా దిగాను. అరగంటకు అమ్మ ఇంటికొచ్చింది, బాక్సు కడిగి బోర్లించింది. పొద్దుటి నుంచి తనేమీ తినలేదు. "ఆకలైతలేదు బిడ్డా," అంది.

తను తినకుండా మోసుకుపోయింది. తిన్నగా పోలేదు. ఎవరూ చూడట్లేదని చూసుకుని పోయింది. ఆదివారం గుడి అయ్యాక కూడా అంతే, ఆ పై బుధవారం కూడా అంతే. ఇంకేం కావాలి? శివకుమార్ సార్ చెప్పిన ప్రతి గుర్తూ మా అమ్మలో ఉంది. లోపలికి పోయి చూడొచ్చుగా అంటారేమో. పోలేదు. గూటి దగ్గరికి పోకూడదని నెల రోజులుగా నేర్చుకున్నదాన్ని. పోతే అన్న మళ్ళీ పారిపోతాడని భయం. ఆ స్నేహితుడి వాళ్ళు నా జాడ పట్టుకుని వస్తారని ఇంకో భయం. నా తెలివి తెల్లారినట్టే ఉంది! దూరం నుంచే ఖాయం చేసుకున్నాను.

చేసుకున్నదాన్ని కడుపులో పెట్టుకున్నానా? లేదు. మా ఇంటి నోరు నాది. ఆ రాత్రే వంటింట్లో వదిన చెయ్యి పట్టుకున్నాను.

"అన్న ఉన్నడు వదినా."

వదిన చేతిలో గిన్నె ఉంది. దాన్ని చాలా జాగ్రత్తగా కింద పెట్టింది. "ఎక్కడ?"

"అడగకు. అమ్మ దాస్తుంది. తనంతట తను చెప్పేదాకా మనం కదిలియ్యొద్దు. కదిలిస్తే ఆయన ఉండడు."

"నువ్వు సూసినవా?"

"సూసినట్టే."

సూసినట్టే! ఆ మాటకు నా నాలుక కోసుకున్నా పాపం పోదు. వదిన గోడకు ఆనుకుని కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తెల్లారి వాళ్ళమ్మకు ఫోన్ చేసి, రావొద్దని చెప్పింది. అన్న చొక్కాలు అన్నీ తీసి ఇస్త్రీ చేసింది. మిషను ముందు కూర్చుని సన్నగా పాట కూడా పాడుకుంది. అమ్మ బాక్సు సర్దుతుంటే చెంగున వచ్చి, "ఇది గూడా పెట్టుండ్రి అత్తమ్మా," అని మామిడికాయ తొక్కు వేసేది. అమ్మ ఒక చూపు చూసి మూత పెట్టేది. ఎవరికీ ఏమీ చెప్పుకోకుండా ముగ్గురం ఒక మనిషిని పోషించాం. నిజం చెప్పాలంటే, ఆ మూడు వారాలు మా ఇల్లు ఇల్లులా ఉంది.

జూన్ మొదటి శుక్రవారం నలభైమూడో నంబరు దగ్గరికి మళ్ళీ పోయాం. పాలపిట్ట తొండపిల్లను కరుచుకుని కొమ్మ మీద ఉంది. మేం వీపు తిప్పుకున్నాం. పిట్ట తొర్రలోకి దూరింది.

"బాగనే ఉన్నయ్," అని ఫారం తీశాను.

పగిడయ్య గడ్డం కింద కర్ర పెట్టుకుని మోడు వైపే చూస్తున్నాడు. కాసేపటికి పిట్ట బయటికొచ్చింది. తొండపిల్ల నోట్లోనే ఉంది. కొమ్మ మీద వాలింది. మళ్ళీ తొర్రలోకి పోయింది. మళ్ళీ వచ్చింది. తొండపిల్ల నోట్లోనే ఉంది.

"లోపట ఎవ్వరు లేరమ్మా," అన్నాడు పగిడయ్య.

"ఎందుకు లేరు పెద్దయ్యా? మేత మోస్తుంది గదా?"

"మోస్తది. పురుగెక్కి నిన్ననో మొన్ననో అయ్యుంటది. దాని నోటికి ఇంక తెల్వలే. రెండు దినాలు, మూడు దినాలు గిట్లనే మోస్తది." ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు అది పోయేటప్పుడు సూస్తున్నవ్. పోయేటప్పుడు గాదు, వచ్చేటప్పుడు సూడాలె. నోరు ఖాళీగ వస్తే పిల్లలున్నట్టు."

మోడు దగ్గరికి పోయాను. మోడు మొదట్లో నా ఎర్ర పట్టీ, దాని మీదుగా దుమ్ములో పైకి పాకిన చార. ఆ పామును ఎవరు తెచ్చారో నేను పగిడయ్యను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఫారంలో ఖాయం కొట్టేస్తే దాని బదులు రాయడానికి గడి లేదు. ఊరికే పట్టుకుని కూర్చున్నాను. మా అమ్మ తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారి కూడా చూడలేదు నేను. ఇంటికొచ్చాక కడిగిన బాక్సునే చూశాను.

ఆ ఆదివారమే మిరుగు, అంటే మృగశిర కార్తె. మిరుగు రోజు చేప తినని ఇల్లు మా దగ్గర ఉండదు, మా సంఘంలో కూడా. వదిన తెల్లారే పోయి కొర్రమీను తెచ్చింది. చింతపులుసు పోసి తనే వండింది. తల ముక్క ఎప్పుడూ మా అన్నది. దాని కోసం చిన్నప్పుడు నేనూ అన్నా జుట్టు జుట్టు పట్టుకున్న రోజులున్నాయి. అమ్మ బాక్సు సర్దుతుంటే వదిన గరిటెతో ఆ తల ముక్క తీసి బాక్సులో పెట్టింది. అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మూత పెట్టింది.

ఈసారి డాబా ఎక్కలేదు. వెనకే పోయాను. పాత క్వార్టర్ల మధ్య పిచ్చితుమ్మ మొలిచి దారి మూసుకుపోయింది, అమ్మ నడిచిన మేర మాత్రం సన్నటి బాట పడి ఉంది. మా ఇంటి పక్క గోడ వెనక నిలబడ్డాను. లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"జల్దీ తిను నాయినా. తల ముక్క నీ పెండ్లామే ఏసింది."

నా ప్రాణం లేచొచ్చింది. పగిడయ్య అబద్ధం, పాలపిట్ట అబద్ధం, అన్న ఉన్నాడు! జవాబు కోసం చెవులు రిక్కించాను. గాలికి రేకు ముక్క ఒకటి కొట్టుకుంది. అంతే. అమ్మే మళ్ళీ మాట్లాడింది, మళ్ళీ ఆగింది. అవతలి మనిషి మాట్లాడినంతసేపు ఆగి, ఊఁ అని, మళ్ళీ మాట్లాడింది. ఇప్పటికీ నాకు కలలో వచ్చేది అన్న మొహం కాదు, ఆ ఊఁ.

అమ్మ బయటికొచ్చింది. పోయేటప్పుడు సంచి కుడిచేతిలో ఉంది, కుడి భుజం కిందికి వాలి ఉంది. వచ్చేటప్పుడూ అలాగే వాలి ఉంది.

కల్వర్టు దగ్గర మూడు కుక్కలు లేచి తోకలు ఊపుతూ ఎదురొచ్చాయి. వాటికి అమ్మ బాగా అలవాటు. అమ్మ వంగి బాక్సు మూత తీయబోయింది.

"అమ్మా."

ఉలిక్కిపడలేదు. "వచ్చినవా," అంది.

బాక్సు చేతిలోకి తీసుకున్నాను. బరువుగా, వెచ్చగా ఉంది. పులుసు మూత దాకా ఉంది.

"లోపల ఎవ్వరు లేరమ్మా," అన్నాను.

"నాకు తెల్వదానే? కన్నదాన్ని నాకు తెల్వదా? బండి దొరికిన నాడే తెలిసింది."

"మరి ఇదేంది?"

"వండినంక చెయ్యి ఊకుంటలేదు బిడ్డా," అంది అమ్మ. "వానికి తీసి పెట్టకుంట నేను తింటే, నేనే వాన్ని పంపిచ్చినట్టయితది. ఇంట్ల తీస్తే మీరు సూస్తరు. ఈడైతే ఎవ్వరు సూడరు. నా బాధ నేను పడుత, ఎవలకేం నష్టం?"

అప్పుడు చెప్పక తప్పలేదు. "అమ్మా, నేను వదినకు జెప్పిన. అన్న ఉన్నడని. నువ్వు అన్నం మోసుడు జూసి."

అమ్మ నా వైపు చూసింది. అరచేత్తో నా వీపు మీద చరిచింది, మళ్ళీ చరిచింది. "ఎంత పని జేసినవే! పసిదానివా నువ్వు? దాన్ని ఏం జేద్దామనుకున్నవే?" అంటూనే కల్వర్టు మీద కూలబడింది. పదకొండు నెలలుగా ఏడవని మనిషి ఆ రోజు కుక్కల మధ్య కూర్చుని నోరారా ఏడ్చింది. "అందుకా, తల ముక్క ఏసింది... అందుకా," అంది. కుక్కలు బాక్సు వాసన చూస్తూ తిరుగుతుంటే కొంగుతో అదిలించి, బాక్సు ఒళ్ళోకి లాక్కుంది. "పోండ్రి. ఇది మీది గాదు."

ఆ జులైలో కూడిక జరిగింది. ఆగస్టులో వదిన వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడు, మిషనుతో సహా. నాతో మాట్లాడుతుంది, పండక్కి ఫోన్ చేస్తుంది. నేనైతే ఆ తర్వాత సర్వే పనికి పోలేదు. ఇవన్నీ తర్వాతి మాటలు. మా అన్న మా ఇంటి నుంచి పోయింది మాత్రం ఆ మిరుగు రోజే.

బాక్సు నేను మోసుకుంటూ, మేం ఇంటికొచ్చేసరికి వదిన గేటు దగ్గరే ఉంది. నీలం చీర కట్టుకుంది. అమ్మను దాటి నా వైపు చూసి, పెదవులు మాత్రమే కదిలేట్టు అడిగింది.

"తిన్నడా?"

అమ్మ ముందుకొచ్చింది.

"లేడు బిడ్డా," అంది. "నువ్వు తిను."

వదిన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత నా చేతిలోని బాక్సును చూసింది. దాని బరువుకు నా చెయ్యి వాలి ఉన్న తీరు చూసి తనకే అర్థమైంది. అరవలేదు. అమ్మ వదిన భుజం పట్టుకుని లోపలికి నడిపించి, పీట వేసి కూర్చోబెట్టింది. కంచంలో అన్నం పెట్టి, బాక్సులోని పులుసు పోసి, తల ముక్క మధ్యలో పెట్టింది. దాని బుగ్గ దగ్గరి మెత్తటి కండను వేళ్ళతో విడదీసి, ముల్లు ఉందేమోనని రెండుసార్లు తడిమి చూసి, ముద్ద చేసి నోటి దగ్గరికి తీసుకుపోయింది.

వదిన ఏడుస్తూనే నోరు తెరిచింది.